ఒక్క చెవితో విన్న తీర్పు

2025 మే 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వమువారు 49వ నంబరు ఉత్తరువు నొకదానిని వెలువరించిరి. మహారాష్ట్రమందలి తాడోబా పులుల యభయారణ్యమునకును, మన కవ్వాలు అభయారణ్యమునకును నడుమనున్న ఆసిఫాబాదు జిల్లా యడవులలో దాదాపు 1,490 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును కుమ్రం భీము పేరిట సంరక్షణ క్షేత్రముగా ప్రకటించుట ఆ యుత్తరువు సారాంశము. తమ నెవ్వరును పిలిచి యడుగలేదని ఆదివాసీ సంఘములు మొఱపెట్టినవి. జిల్లాలో బందు జరిగినది. జూలై నెలలో ప్రభుత్వమువారు ఆ యుత్తరువును నిలిపివేసిరి. నాటితో ఆ వార్త పత్రికల మొదటి పుటనుండి వైదొలగినది. ఉత్తరువు నిలిచినది గదా, ఇంక దానినిగూర్చి మాటలేల యని పట్టణములలోని మిత్రులు కొందఱు మమ్ము నడిగిరి. నిలుపుదల వేఱు, రద్దు వేఱు అని మాత్రమే వారికి బదులు చెప్పి మేము ఊరకుండవచ్చును. కాని యీ విషయమున మాకు తోచినది మఱియొకటి కలదు. దానిని చెప్పుటకు సచివాలయమును విడిచి కొంతసేపు నాటకరంగము చెంతకు పోవలసియున్నది.

కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో పంటలు ఇల్లు చేరిన పిమ్మట చిందు భాగవతులు మేళము కట్టి యాడుచు వచ్చిన యక్షగానములలో సారంగధర కథ యొకటి. ఊరి నడుమ పందిరి వేయించి, తెల్లవారువఱకు ఆ యాట నాడించిన పెద్దలు మా పాఠకులలో ననేకు లుందురు. చదువెఱుగని ముసలివారు సైతము చిత్రాంగి రంగము ప్రవేశింపగానే మెటికలు విఱిచెదరు. సారంగధరుని కొండకు గొనిపోవు వేళ కన్నీరు పెట్టుకొనెదరు. కథ యందఱును ఎఱిగినదే. రాజమహేంద్రవరము నేలు రాజరాజనరేంద్రునకు రత్నాంగి వలన గలిగిన కుమారుడు సారంగధరుడు. అతనికై నిశ్చయింపబడిన కన్య చిత్రాంగి. ఆమె సౌందర్యమునకు లోబడి రాజు తానే యామెను పెండ్లాడెను. ఒకనాడు కుమారు డెగురవేసిన పావురము చిత్రాంగి మేడపై వ్రాలినది. దానిని దెచ్చుకొన బోయిన యువకుని ఆమె మోహించినది. నీవు నాకు తల్లివని చెప్పి యతడు మరలివచ్చెను. అవమానపడిన చిత్రాంగి నేరమును తాఱుమాఱు చేసి రాజుతో చెప్పినది. కాలుసేతులు నఱికింపుడని రాజాజ్ఞ వెలువడినది. ఆజ్ఞ నెఱవేఱిన పిదప నిజము బయటపడినది.

ఇందులో మేము పాఠకుల దృష్టికి దెచ్చునది చిత్రాంగిని కాదు. తరతరములుగా మన ప్రేక్షకులు తిట్టిన తిట్లన్నియు నామెకే చెందినవి. రాజు మాత్రము మోసపోయిన తండ్రిగా జాలికి పాత్రుడైనాడు. ఈ పంపకము న్యాయముగా లేదని మా యభిప్రాయము. చిత్రాంగికి కత్తి లేదు, తలారి లేడు, ఆజ్ఞాపించు నధికారము లేదు. ఆమెకు గలది నోరొక్కటే. ఆ నోటిమాటపై ముద్ర వేసినవాడు రాజు. కుమారు డదే కోటలో, పిలిచిన పలుకు దూరమున నున్నాడు. అతనిని పిలిపించి, నీవేమందువని యడుగుటకు ఒక్క గడియ చాలును. ఆ గడియ రాజునకు దొరకలేదు.

ఏల దొరకలేదు? కోపము వలన ననుట సగము జవాబు. తొలుత జరిగినదానిని మనము మఱువరాదు. కుమారునకు నిశ్చయించిన కన్యను తాను చేపట్టిన నాటినుండియే రాజు మనస్సున ఒక శంక కాపురమున్నది. కుమారునిపై నేరము మోపబడుటకు ముందే తండ్రికి కుమారునితో చెప్పుకొనలేని వ్యాజ్యెమొకటి నడచుచున్నది. ఆ వ్యాజ్యెములో తానే కక్షిదారుడు, తానే న్యాయాధిపతి. భర్తగా ఫిర్యాదు చేయువాడతడే, సాక్ష్యమును నమ్మువాడతడే, శిక్ష చెప్పువాడతడే. కుమారుని పిలిపించినచో తాను చేసిన మొదటి తప్పు సభలో నిలువబడవలసి వచ్చెడిది. ఈ మర్మమును పందిరిక్రింద కూర్చున్న పామరజనము సైతము గ్రహింతురు. పెండ్లి వార్త వినగానే "ఇంక కొంప మునిగినది" యని ముందుగనే యనుకొందురు.

చరిత్ర మాటకు వచ్చినచో రాజరాజనరేంద్రుని పక్షమున మేమొక మాట చెప్పవలసియున్నది. 1022 మొదలు 1061 వఱకు వేంగి నేలిన యీ ప్రభువు నన్నయభట్టు చేత భారతాంధ్రీకరణమునకు పూనిక చేయించినవాడు. అతని కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసన మెక్కి కులోత్తుంగ చోళుడుగా ప్రసిద్ధుడైనాడు. సారంగధరుడను కుమారు డుండెనని చెప్పు శాసనము లేదు. ఈ కథ 15వ శతాబ్దమున గౌరన రచించిన నవనాథ చరిత్రలో కానవచ్చుచున్నది. అందులో సారంగధరుడు సిద్ధుల యనుగ్రహము వలన మరల కాలుసేతులు పొంది చౌరంగి యను సిద్ధుడైనాడు. అటుపిమ్మట తంజావూరు కవి చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రమును కావ్యముగా వ్రాసెను. బళ్ళారియందలి ధర్మవరము రామకృష్ణమాచార్యులు 19వ శతాబ్దము చివరి భాగమున దానిని విషాద సారంగధర నాటకముగా మలచెను. రాజమహేంద్రవరమున సారంగధర మెట్ట యని యొక తిప్పకు పేరును నిలిచిపోయినది. ఏ కాలపు ఏ రాజు తప్పో వేంగి రాజు నెత్తికి చుట్టుకొన్నది. అతనిని విచారింపకయే కవులును, నటులును శిక్ష వేసిరి! రాజుల కొక్కటే కాదు, కవులకును ఒక్కచెవి యుండుట కలదని దీనివలన తెలియుచున్నది.

కవులు రాజును శిక్షించినట్లే రక్షించుటయు నెఱుగుదురు. కాళిదాసు శాకుంతలము నైదవ యంకమును చూడుడు. నిండుచూలాలైన శకుంతల సభకు వచ్చి నిలిచినది. దుష్యంతుడు నిన్నెఱుగననెను. ఆమెను నమ్మించుటకు ఉంగరము లేదు, పలుకుటకు సాక్షి లేడు. భారత కథలో దుష్యంతుడు తెలిసియే తెలియనట్లు నటించును. ఆకాశవాణి పలికిన పిదప నొప్పుకొనును. రసికులైన సభవారి యెదుట అట్టి రాజును నాయకునిగా నిలుపుట కష్టమని కాళిదాసు దుర్వాసుని శాపమును కల్పించెను. తప్పు ముని కోపమునకు పోయినది, రాజు మఱపునకు పోయినది, చేప మ్రింగిన యుంగరమునకు పోయినది; రాజు చేతికి మాత్రము అంటలేదు. అది మహాకవి నేర్పు. అందులకు మేము నమస్కరింతుము. కాని ప్రభుత్వ యంత్రాంగములలో తప్పు జరిగినపుడెల్ల ఎవడో యొక దుర్వాసుడు దొరకుచుండుట మాత్రము మాకు సమ్మతము కాదు. క్రింది యుద్యోగి తప్పు, సమాచారలోపము, దళారుల ప్రేరేపణ యను పేరులతో ఆ శాపములు నేటికిని వెలువడుచునే యున్నవి.

అరవవారి శిలప్పదికారము నాటకము కాదుగాని నాటకమునకు చాలునంత ఘట్టము దానియందు కలదు. కంసాలి చెప్పిన మాటను నమ్మి మధురనేలు పాండ్యరాజు కోవలను విచారణ లేకయే చంపించెను. కన్నగి సభకు వచ్చి అందె పగులగొట్టి చూపగా అందులో మాణిక్యములున్నవి. రాణి యందెలో నున్నవి ముత్యములు. ఆ రాజు ఏ శాపమును వెదకికొనలేదు. తానే దొంగనని సింహాసనముపైననే కూలి ప్రాణము విడిచెను. ఆ యొక్క ఘట్టమున అరవకవి మనవారికంటె కఠినుడు.

ఇక యవనుల నాటకము. సోఫోక్లీసు రచించిన ఆంటిగని రెండువేల నాలుగువందల యేండ్లకు పైబడినది. తీబ్సు పట్టణమును గెలువవచ్చి చచ్చిన పోలినీసెసు శవమునకు దహనఖననములు చేయరాదని క్రెయాను రాజు శాసించెను. చెల్లెలు ఆంటిగని అన్న శవముపై మన్ను చల్లినది. ఆమెను కొండగుహలో బ్రతికియుండగనే మూసివేయ నాజ్ఞయైనది. ఆమెకు పెనిమిటి కావలసిన హైమను రాజునకు కుమారుడే. అతడు వచ్చి తండ్రితో పలికిన పలుకులు మా దృష్టిలో ఆ నాటకమునకు ప్రాణము. నీ కన్నులకు బెదరి జనము నీ యెదుట చెప్పని మాటలను నేను చీకటి చాటున వినుచున్నాను, పట్టణమంతయు ఆ బాలికకై విలపించుచున్నదని యతడు చెప్పెను. ఈ వయస్సున నాకు నీవు బుద్ధి చెప్పెదవా యని రాజు కసరెను. గ్రుడ్డివాడైన భవిష్యద్వాది తైరేసియసు వచ్చి హెచ్చరించిన తరువాతగాని రాజునకు కనువిప్పు కాలేదు.

అయినను మించిపోలేదు. వెంటనే పోయి బాలికను విడిపింపుము, శవమునకు సమాధి కట్టింపుమని పురవృద్ధు లాలోచన చెప్పిరి. క్రెయాను పరుగెత్తెను. కాని ముందుగా పోయినది గుహకు కాదు, శవము చెంతకు. శవమునకు యథావిధిగా సంస్కారము చేయించి, మన్ను పోయించి, ఆ పిమ్మట గుహ దారి పట్టెను. అప్పటికే బాలిక ఉరిపోసికొన్నది. హైమను కత్తి పొడుచుకొన్నాడు. ఆ వార్త విని రాణియు ప్రాణము విడిచినది. చచ్చినవానిని గౌరవించుటకు రాజునకు తీఱినది. బ్రతికియున్నదానిని విడిపించుటకు తీఱలేదు. పశ్చాత్తాపము కలిగినది, నిజమే. అది నడచిన వరుసయే తప్పినది. ఈ వరుసను పాఠకులు మనస్సున నుంచుకొని మాతో జోడేఘాటు కొండలకు రావలెనని కోరుచున్నాము.

ఆసిఫాబాదు తాలూకాలో, కెరమెరి దాపున, జోడేఘాటు మొదలైన గూడెములలో గోండులును కోలాములును అడవి కొట్టి చేలు వేసికొనిరి. అంతకు పూర్వమే నిజాము సర్కారు జంగ్లాతు ఖాతావారు హద్దులు గీచి ఆ యడవులను రిజర్వు చేసియుండిరి. కాజీపేటనుండి బల్హార్షాకు రైలుమార్గము పడినది. 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపితమైనది. మైదానములనుండి రైతులును, షావుకార్లును, గుత్తదార్లును వచ్చిచేరిరి. పట్టా కాగితమన నేమో యెఱుగని గోండుల భూములకు కాగితము గలవారు యజమానులైరి. సంకేపల్లిలో పుట్టిన కుమ్రం భీము యౌవనమున ఇట్టి భూమి తగాదాలోనే సిద్దిఖీ యనువాని మరణమునకు కారకుడై, దేశము విడిచి అస్సాము తేయాకు తోటలవఱకు పోయి వచ్చినవాడు. మరలివచ్చి జోడేఘాటు కేంద్రముగా పండ్రెండు గూడెముల వారిని కూడగట్టి, ఈ భూమి మాది, ఈ యడవి మాది, ఈ నీరు మాది యని నిలిచెను. గుడిసెలు తగులబెట్టుటలు, కేసులు, జుల్మానాలు మితిమీఱినందున అతడు హైదరాబాదునకు పోయి నిజాము దర్శనము చేయ యత్నించి, గేటువద్దనే మరలింపబడెనని జనశ్రుతి. ఆ జనశ్రుతికి కాగితపు సాక్ష్యమెంత యున్నను లేకున్నను, గోండుల గూడెములలో అది ఇప్పటికిని చెప్పుకొనబడుటకు కారణము కలదు. సారంగధరుడు కోటలోననే యుండెను, భీము కోట వాకిటివఱకు పోయెను. ఇరువురి మాటయు రాజు చెవిని పడలేదు.

1940లో సర్కారు పోలీసులు జోడేఘాటు కొండ నెక్కి తుపాకులు కాల్చిరి. భీమును అతనితోకూడ పలువురును కూలిపోయిరి. ఏటేట ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు అచట కూడి వర్ధంతి జరుపుకొనుచున్నారు.

ఏడవ నిజాము మీర్ ఉస్మానలీఖాను దుష్టుడై దీనిని కోరి చేయించెనని మేము వ్రాయబోవుట లేదు. అది సులభమైన మాట, కాని దానివలన నేర్చుకొనదగినది స్వల్పము. అతని యెదుట పెట్టబడిన దస్త్రములో ఏమున్నది? అడవి సర్కారుది, దానిని ఆక్రమించినవారు గోండులు, సర్కారు మనుష్యులను ఎదిరించినారు. దస్త్రము వ్రాసినవారు జంగ్లాతు, మాలు, కొత్వాలీ ఖాతాలవారు. అడవి తమదని వాదించునదియు ఆ ఖాతాలే, ఆక్రమణ జరిగినదని సాక్ష్యము చెప్పునదియు ఆ ఖాతాలే, బలవంతముగా తొలగింపవలెనని తీర్మానించునదియు ఆ ఖాతాలే. చిత్రాంగి మేడకును రాజు కొలువునకును నడుమ తలుపైనను ఉండెను. ఇక్కడ అదియు లేదు. ముద్దాయి పలుకు భాష గోండి. దస్త్రము వ్రాసినది ఉర్దూలో. ఆ రెండింటి నడుమ దుబాసీ పని చేసినవారు తఱచుగా గ్రామములోని పట్వారీలును, గిర్దావరులును. ఆ కాలపు పట్వారీగిరి యెట్టిదో మా పాఠకులకు వివరింప నక్కఱలేదు.

తుపాకుల పొగ యారిన పిదప సర్కారువారికి విచారము కలిగినది. యుద్ధము వలన హైదరాబాదు రాజ్యములో చిక్కువడియుండిన ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెండార్ఫు గోండుల నడుమ నివసించుటకును, వారి స్థితిగతులు తెలిసికొనుటకును నిజాము ప్రభుత్వమువా రనుమతించిరి. మార్లవాయి గ్రామమును నివాసముగా చేసికొని అతడు నిజమైన కష్టము నెఱిగి వ్రాసెను. 1943లో అచట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. గోండి భాషలో వాచకములు వెలువడినవి. భూమికి పట్టా లిచ్చుట సాగినది. 1356 ఫస్లీలో, అనగా 1946లో, ఆదివాసీ ప్రాంతములకు ప్రత్యేక నిబంధనలు పుట్టినవి. 1949లో అవి తిరిగి సవరింపబడినవి. ఇవియన్నియు మంచి పనులు. హైమెండార్ఫు దంపతులను మార్లవాయి గోండులు నేటికిని స్మరించుచున్నారు. వారి సమాధులును అచటనే కలవు. అయినను ప్రశ్న ప్రశ్నగనే నిలిచియున్నది. భీము బ్రతికియుండగా అడుగదగిన ప్రశ్ననే అతడు చచ్చిన పిదప నడిగిరి. ఆ యడుగుటకు తగిన మనిషియు, తగిన యోపికయు, తగిన ధనమును సర్కారు వద్ద లేకపోలేదని మార్లవాయియే చూపుచున్నది. క్రెయాను గుహకు పోకమునుపు శవము చెంతకు పోయినాడని పైన చెప్పియుంటిమి.

నిజాము పోయెను, జాగీరులు పోయెను, ప్రజాప్రభుత్వము వచ్చెను. రాజు మాఱినంత మాత్రమున నాటకము మాఱునని మనమందఱము నమ్మితిమి. 1981 ఏప్రిలు 20వ తేదీ ఆ నమ్మకమును పరీక్షించినది.

ఆనాడు సోమవారము; ఇంద్రవెల్లి సంత దినము. గిరిజన రైతు కూలీ సంఘమువారు అచట సభ తలపెట్టిరి. పోడు భూములకు పట్టాలు కావలెననియు, అన్యాక్రాంతమైన భూములు తిరిగి యిప్పింపవలెననియు, పంటకు గిట్టుబాటు ధర కావలెననియు వారి కోరికలు. మొదట సభ కనుమతి యిచ్చిన యధికారులు పిదప దానిని ఉపసంహరించుకొనిరి. ఆ సంగతి గూడెములకు చేరలేదు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు కొండలనుండి తెల్లవారుజాముననే బయలుదేరి నడచివచ్చు గోండులకు నిషేధమును తెలియజేయువారెవ్వరు? కొందఱు సభకు వచ్చినవారు, కొందఱు ఉప్పు పప్పు కొనుటకు సంతకు వచ్చినవారు. పోలీసులు దారులలో అడ్డగించిరి, తోపులాట జరిగినది, కాల్పులు జరిగినవి. మృతులు 13 మంది యని ప్రభుత్వమువారు లెక్క చెప్పిరి. ఆ లెక్కను ఆదివాసులుగాని, పౌరహక్కుల సంఘములవారుగాని అంగీకరింపలేదు. అంతకు ఎన్నోరెట్లని వారి వాదము. తరువాత చాలకాలము ఆ దినమున స్తూపము చెంతకు పోయి ఏడ్చుటకు సైతము బంధువులకు ఆటంకము కల్గించుచు ఏటేట నిషేధాజ్ఞలు విధింపబడుచు వచ్చినవి. తీబ్సు రాజు శాసనము పాఠకులకు ఇక్కడ తలపునకు వచ్చినచో అది మా కల్పన కాదు.

ఇందు ఒక్క సంగతిని నిదానించి చూడవలెను. ఆజ్ఞ వెలువడినది, కాని యాజ్ఞకు లోబడవలసినవారికి అది తెలియలేదు. తెలియని యాజ్ఞను మీఱిరని వారిపై గుండ్లు కురిసినవి. ఆ దినమున గోండి తెలిసిన పదిమంది మనుష్యులను ముందురోజు గూడెములకు పంపియుండినచో ఎందఱు బ్రతికియుండెడివారో! అందులకు కావలసిన వ్యయము ఒక పోలీసు లారీ పెట్రోలుకంటె నెక్కువ కాదు. పెద్ద పెద్ద దుఃఖములకు మూలముగా నున్న లోపములు ఇంత చిన్నవిగా నుండుటయే మా మనస్సును ఎక్కువ బాధించుచున్నది. రాజు గడియసేపు ఆగి కుమారుని పిలువలేదు, అంతే.

ఇక వర్తమానమునకు వచ్చెదము. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును చేసినది. 2005 డిసెంబరు 13వ తేదీ నాటికి అడవి భూమిని సాగుచేయుచున్న ఆదివాసులకు హక్కు గలదని యది యంగీకరించినది. హక్కుదారుల విచారణ గ్రామసభతో మొదలుకావలెనని విధించినది. 2023 జూన్ 30వ తేదీన ఆసిఫాబాదులోననే అప్పటి ముఖ్యమంత్రి పోడు పట్టాల పంపిణీ నారంభించిరి. రాష్ట్రము మొత్తమున లక్షన్నరమందికి నాలుగు లక్షల యెకరములకు పైగా పట్టాలని ప్రకటన జరిగినది. ఆ పట్టాల సిరా సరిగా ఆరకమునుపే అదే జిల్లాలో 49వ నంబరు ఉత్తరువు వచ్చినది.

పులి యక్కఱలేదని మేము వాదించువారము కాము. తాడోబాలో పులులు పెరిగి, పెన్‌గంగ, ప్రాణహితలు దాటి కాగజ్‌నగరు అడవులకు వచ్చుచున్నవి. వాటికి దారి కావలెను. అడవి లేనిదే ఆదిలాబాదునకు వాన లేదు, గోదావరికి నీరు లేదు. 2020 నవంబరులో ఇద్దఱును, 2024 నవంబరులో ఒక స్త్రీయు ఆసిఫాబాదు జిల్లాలో పులి వాతబడిరి. ఆ యిండ్లవారికి పులి యనగా పటము కాదు. పులికిని, మనిషికిని పొత్తు కుదుర్పవలసిన పనియే యిది. ఆ పొత్తును కుదుర్పగలవారు తరతరములుగా పులితోడనే కాపురము చేసినవారు. వారిని విడిచి హైదరాబాదులో పటముపై గీత గీచిన ఆ గీత కొండపై నిలుచునా?

పైగా, సంప్రదింపవలెనని చెప్పుట మా పత్రిక ఔదార్యము కాదు, శాసనమే యట్లు చెప్పుచున్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టములో సంరక్షణ క్షేత్రములకు సంబంధించిన 36-ఏ సెక్షను, స్థానిక ప్రజలతో సంప్రదించిన పిదపనే ప్రభుత్వము అట్టి ప్రకటన చేయవచ్చునని విధించినది. ముందు ప్రకటించి, మొఱ పుట్టిన పిదప మంత్రులు మాటలాడుట ఆ సెక్షనుయొక్క వరుస కాదు. ఈసారి ప్రభుత్వమువారు రెండునెలలలోపుననే ఆగిరి; ఎవ్వరి కాలుసేతులును పోలేదు, ఎవ్వరును గుహలో చావలేదు. అందులకు వారిని మేము మనసార అభినందించుచున్నాము. జోడేఘాటుకంటెను ఇంద్రవెల్లికంటెను ఇది మేలైన యంకము. అయితే ఆగినది ఎందువలన? జనము రోడ్డుపైకి వచ్చినందున. రోడ్డుపైకి రాకమునుపే విను నలవాటు మన దొరతనమునకు ఇంకను పట్టుబడలేదు.

ఇంతవఱకు సర్కారునే తప్పుపట్టితిమని భూస్వాములైన మా పాఠకులు సంతోషింపరాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో మఱింత బిగించి, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని శాసించిరి. జనులు దానిని 1/70 యని వాడుకగా చెప్పుకొనుచున్నారు. ఆ శాసనమునకు పూర్వమును పిమ్మటను, ఉట్నూరు, ఆసిఫాబాదు, ఖానాపూరు ప్రాంతములలో నల్లరేగడి భూములు చేతులు మాఱిన కథలు మైదానపు కుటుంబములలో అనేకులకు తెలిసినవే. అప్పు కాగితముపై వ్రేలిముద్ర వేసినవాడు ఏమి వ్రాసియున్నదో యడిగెనా, అడిగిన చెప్పిరా? ఊరి చావడిలో పంచాయతి తీర్చు పెద్ద, తానే అప్పిచ్చినవాడై యున్నచో ఆ తీర్పును ఏమనవలెను? సారంగధర నాడించి, చిత్రాంగిని తిట్టి, రాజుపై జాలిపడి యింటికి పోయిన పెద్దలు మఱునాడు ఉదయమున ఆ చావడిలోననే కూర్చుండిరి.

ఇక ప్రభుత్వమువారికి మా విన్నపము. నిలుపుదలలో నున్న యుత్తరువులు మూడు విధములుగా ముగియుట మనము చూచియున్నాము. కొన్ని రద్దగును. కొన్ని దుమ్ము క్రింద మఱుగుపడును. కొన్ని సద్దు మణగిన పిమ్మట వేఱొక నంబరుతో తిరిగి వచ్చును. ఈ మూడవదియే మాకు భయము. పులుల దారి నిజముగా కావలెనన్నచో ఆసిఫాబాదు జిల్లాలో ఆ హద్దులలోని ప్రతి గ్రామమునను ముందుగా గ్రామసభ జరుగవలెను. సభ తేదీ పదిహేను దినములు ముందుగా గూడెమున చాటింపు కావలెను, అదియు సంత దినమున కారాదు. ఉత్తరువు ముసాయిదాను తెలుగుననే కాక గోండిలోను, కోలామీలోను చదివి వినిపింపవలెను. చదువువాడు అటవీశాఖ ఉద్యోగి కారాదు. 2023లో పట్టాలు పొందినవారి చేలు ఆ హద్దులలో ఎన్ని యున్నవో సర్వే నంబర్లతోసహా గోడకు అంటింపవలెను. సభలో ఎవ్వరేమనిరో వారి మాటలలోననే వ్రాసి, పటేలుచేతనే కాక ఆడవారిచేతను వ్రేలిముద్రలు వేయించి, ఆ కాగితమును ఉత్తరువు దస్త్రమున మొదటి పుటగా కుట్టవలెను. మంత్రివర్యులు దస్త్రము విప్పినపుడు మొదట చదువవలసినది ఆ పుటయే. అటవీశాఖవారి నివేదిక దాని తరువాత.